బిరుదు ఒక్కడికే, కులం అందరికీ

1960 నవంబరులో టోనీ బెన్ తండ్రి చనిపోయారు. దాంతో బ్రిటన్ దిగువ సభలో బెన్ సభ్యత్వం పోయింది. ఆయన చేసిన తప్పేమీ లేదు. తండ్రి వైకౌంట్. బతికున్న కొడుకుల్లో పెద్దవాడు కాబట్టి ఆ బిరుదు బెన్‌కు వచ్చింది. బిరుదున్నవారు ప్రజలెన్నుకునే సభలో కూర్చోకూడదన్నది అప్పటి నియమం. 1961 ఉపఎన్నికలో ఓటర్లు ఆయన్నే మళ్లీ గెలిపించినా, సీటు ఓడిపోయిన అభ్యర్థికి దక్కింది. 1963లో పీరేజ్ చట్టం వచ్చాకే బిరుదు వదులుకునే హక్కు దొరికింది.

వారసత్వ ప్రభువులలో ఐదు మెట్లున్నాయి: డ్యూక్, మార్క్విస్, ఎర్ల్, వైకౌంట్, బారన్. బిరుదుతోపాటు చట్టాలు చేసే అధికారమూ వారసత్వంగా వచ్చేది. 1999 చట్టం వందలాది మందిని ప్రభువుల సభ నుంచి పంపించి, 92 స్థానాలు మాత్రం మిగిల్చింది. 2013లో రాజకిరీటం విషయంలో ఆడపిల్లకు సమాన హక్కు ఇచ్చారు. బిరుదులకు ఆ మార్పు వర్తించలేదు. ఇప్పటికీ చాలా బిరుదులు మగవారసుడికే పోతాయి.

ఇదీ కులమూ ఒకటేనా? రెండింటికీ మూలం పుట్టుకే, రెండింటిలోనూ మెట్లున్నాయి. కానీ తేడా పెద్దది. బిరుదు ఒక్కడికే దక్కుతుంది. ప్రభువు చిన్న కొడుకు చట్టం దృష్టిలో సామాన్యుడే. కులం ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డకూ అంటుకుంటుంది. బిరుదును కాగితం రాసిచ్చి వదులుకోవచ్చు. ఊరు గుర్తుపెట్టుకున్న కులాన్ని ఏ కాగితం మాపుతుంది?

వదులుకున్నా బిరుదు చావదు. 2014లో బెన్ మరణించాక అది కొడుకు స్టీఫెన్‌కు వచ్చింది. ఆయన 2021లో ప్రభువుల సభలో అడుగుపెట్టారు.

విచిత్రమేమిటంటే, బ్రిటన్‌లోని దళితుల కోసం ఆ సభే గట్టిగా నిలబడింది. సమానత్వ చట్టంలో కులాన్ని చేర్చాలని 2013లో పట్టుబట్టి ప్రభుత్వాన్ని ఒప్పించింది. 2018లో ప్రభుత్వం ఆ మాట వెనక్కి తీసుకుంది. కోర్టు తీర్పులే చాలంది.

మన రాజ్యాంగంలో 17వ అధికరణ అంటరానితనాన్ని, 18వ అధికరణ బిరుదులను రద్దు చేశాయి. పక్కపక్కనే ఉన్న ఈ రెండూ చెప్పేది ఒకటే: పుట్టుక ఎవరికీ అర్హత కాదు, ఎవరికీ శిక్ష కాదు. రాజుల బిరుదులు పోయాయి. అంటరానితనం కాగితం మీద పోయింది. మిగిలిన పోరాటం ఆ కాగితం దాటాకే మొదలవుతుంది.