ఇంజను నూనెలో నీరు - రైతులు తీసికొనవలసిన జాగ్రత్తలు

వేపనూనె నీటిలో కలియదు. సబ్బునీరు చేర్చి చిలికినచో తెల్లగా కలిసిపోవును. పైరుపై మందు చల్లు రైతులకు ఇది తెలిసినదే. ఇట్లు నూనె, నీరు సన్నని బిందువులుగా ఒకదానిలో నొకటి చెదరియుండు ద్రవమును ఎమల్షన్ అందురు. యంత్రములకు ఇది ఒకచోట మేలును, వేరొకచోట కీడును చేయును.

కర్మాగారములలో లేతుపై ఇనుమును చెక్కునపుడు పనిముట్టు మొన మిక్కిలి వేడెక్కును. అందుచే ఇందుకై తయారైన నూనెను 1 పాలు, సుమారు 20 పాళ్ల నీటిలో కలిపి, మొనపై ధారగా పోయుదురు. లేదా తుంపరగా చల్లుదురు. నీరు వేడిని లాగివేయును. నూనె ఒరపిడిని తగ్గించి తుప్పును ఆపును.

పొలములోని నీటి ఇంజను సంగతి వేరు. కొన్ని చిన్న ఇంజనులలో క్రాంకు తిరుగునపుడు అడుగుననున్న నూనె తుంపరగా లేచి, లోపలి భాగములన్నిటికిని అందును. గ్యాస్కెట్టు చెడియో, ఇంజను మునిగియో ఆ నూనెలో నీరు చేరినచో, కవ్వముతో చిలికినట్లయి పాలకాఫీ రంగునకు మారును. అట్టి నూనె బేరింగులలో పొరగా నిలువజాలదు. ఇనుము ఇనుముతో ఒరసికొని అరుగును. ఉప్పునీరైనచో తుప్పు మరింత త్వరగా పట్టును. 1977 నవంబరు 19వ తేదీన ఉప్పెనకు గురియైన దివిసీమలో, నాగాయలంక వంటి తీరప్రాంతములందు ఈ విషయమున అశ్రద్ధ తగదు.

కావున ఈ క్రింది జాగ్రత్తలు పాటింపవలెను:

1. ప్రతిదినము ఇంజను నడపుటకు ముందు నూనె కొలచు కడ్డీని తీసి చూడవలెను. నూనె తెల్లబారినచో ఇంజను నడపరాదు. నేటి ఇంజను నూనెలలోని మందులు నీటిని పట్టియుంచును గనుక, తేరుకొనునని వేచియుండుట వృథా. నూనె, ఫిల్టరు మార్చి, నీరు చేరిన దారిని మెకానిక్కుచే సరిచేయించవలెను.

2. మునిగిన ఇంజనుకు వెంటనే హ్యాండిలు వేయరాదు. నీరు గాలివలె అణగదు. సిలిండరులో నీరున్నచో పిస్టను కడ్డీ వంగిపోవును. ముందుగా మెకానిక్కుచే విప్పించి నీటిని తీయించవలెను.

3. ఇంజను పైభాగమును మంచినీటితో కడిగి, బాగుగా ఆరిన పిమ్మట తుప్పు పట్టనీయని నూనెను పలుచగా చల్లవలెను. బెల్టుపైనను, రబ్బరు భాగములపైనను పడనీయరాదు.

4. తీసివేసిన నూనెను కాలువలలోగాని, చేపల చెరువులలోగాని పోయరాదు. అది నీటిపై తెట్టుగా పరచుకొని, గాలి నీటిలో కలియుటకు అడ్డుపడును.

కడ్డీ తీసి చూచుటకు ఒక్క నిమిషము చాలును. ఇంజను చెడినచో, నీరందక పైరు ఎండిపోవును.