మానని పుండు – డాక్టరు చూడని కట్టు

ముల్లు గుచ్చుకోవడం మనకు కొత్త కాదు. పొలం పోయే ఆడవాళ్ల కాళ్లకు ముళ్లు దిగుతూనే ఉంటాయి. పిన్నీసుతో తీసుకుంటాం. ఇంత సున్నం అద్దుకుంటాం. మళ్లీ పనిలోకి దిగుతాం.

మా ఊళ్లో ఒక పెద్దమ్మ కూడా అట్లాగే చేసింది. ఆమె పేరు ఇక్కడ రాయడం లేదు. ఆమే వద్దంది. మిరపచేలో పని చేస్తుంటే ఆమె కాలికి తుమ్మముల్లు దిగింది. సరిగ్గా చిటికెన వేలి కింద. ఆమెకు తెలియనే లేదు. సాయంత్రం ఇంటికి వచ్చాక కోడలు చూసింది.

"అత్తా, నీ కాలి నుంచి నెత్తురు కారుతోంది" అంది.

"నాకేం నొప్పి లేదే" అంది పెద్దమ్మ.

నొప్పి లేదు కాబట్టి చిన్న దెబ్బే అనుకున్నారు. పొరపాటు అక్కడే జరిగింది.

నాలుగు రోజులకు కాలు వాచింది. ఊళ్లో వైద్యం చేసే ఆయన దగ్గరికి పోయారు. అందరూ ఆయన్ని ఆర్.ఎం.పి. డాక్టరు అంటారు. మంచి మనిషే. అర్ధరాత్రి పిలిచినా వస్తాడు. డబ్బులు లేకపోతే పంట చేతికి వచ్చేదాకా ఆగుతాడు. ఆయన పుండు కడిగి కట్టు కట్టాడు. సూది వేశాడు. ఆ తర్వాత ఆయన దగ్గర పని నేర్చుకునే కుర్రాడు రోజూ ఇంటికే వచ్చి కట్టు మార్చేవాడు. కట్టుకు యాభై రూపాయలు.

ఇరవై రోజులు గడిచాయి. వెయ్యి రూపాయలు కట్టుకే పోయాయి. పుండు మానలేదు. చిటికెన వేలు నల్లబడింది. గదిలోకి పోతే వాసన. ఇన్ని రోజుల్లో ఒక్కరు కూడా పెద్దమ్మకు షుగరు పరీక్ష చేయలేదు.

చివరికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోయారు. అక్కడి డాక్టరమ్మ కట్టు విప్పకముందే వేలి నుంచి చుక్క నెత్తురు తీసి పరీక్ష చేయించింది. షుగరు చాలా ఎక్కువ ఉంది. అదే రోజు పెద్దాసుపత్రికి పంపించింది. అక్కడ నల్లబడిన వేలు తీసేశారు. కాలు మిగిలింది. ఇంకో వారం ఆలస్యమైతే పాదమే తీయాల్సి వచ్చేదని అక్కడి డాక్టరు చెప్పారు.

కట్టు రోజూ కట్టారు గదా, మరి పుండు ఎందుకు మానలేదు?

మనం కట్టే పుండును మాన్పుతుందని అనుకుంటాం. అది నిజం కాదు. కట్టు పుండును దుమ్ము నుంచి, ఈగల నుంచి కాపాడుతుంది. చీమును పీల్చుకుంటుంది. మాన్పేది మాత్రం మన ఒంట్లోని నెత్తురే. నెత్తురు బాగా అందితే పుండు మానుతుంది. షుగరు జబ్బు చాలా ఏళ్లు అదుపులో లేకపోతే కాళ్లకు పోయే రక్తనాళాలు సన్నబడతాయి. పంటకాలువ పూడిపోతే చివరి మడికి నీళ్లు అందవు గదా. కాలి వేళ్లు ఆ చివరి మడి లాంటివి. నరాలు కూడా మొద్దుబారతాయి. అందుకే పెద్దమ్మకు ముల్లు గుచ్చుకున్నా నొప్పి తెలియలేదు. నెత్తుట్లో చక్కెర ఎక్కువగా ఉంటే క్రిములతో పోరాడే బలం కూడా తగ్గుతుంది.

అంటే జబ్బు కట్టు కింద లేదు. ఒళ్లంతా ఉంది. పైన కట్టు మార్చితే లోపలి జబ్బు పోదు.

ఇక్కడే డాక్టరు కావాలి. పుండు చూసినప్పుడు డాక్టరు చాలా సంగతులు కనుక్కుంటారు. షుగరు ఎంత ఉంది? పాదం మీద నాడి కొట్టుకుంటోందా? తాకితే తెలుస్తోందా? చచ్చిన చర్మం తీసేయాలా? క్రిములు ఎముక దాకా పోయాయా? ఎముక మీద అనుమానం ఉంటే ఎక్స్‌రే తీయిస్తారు. ఏ మందు, ఎన్ని రోజులు అన్నది ఇవన్నీ చూశాకే రాస్తారు. ఊరికే చూసి సూది పొడవరు.

ఆ కుర్రాడిని నేను తిట్టడం లేదు. వాడి చెయ్యి నేర్పయినదే. కట్టు శుభ్రంగానే కట్టాడు. కానీ వాడికి ఏం చేయాలో చెప్పే డాక్టరు లేడు. పుండు పాడవుతుంటే "ఇట్లా ఉంది, వచ్చి చూడండి" అని చెప్పడానికి కూడా ఎవరూ లేరు.

పెద్దమ్మ ఆసుపత్రి నుంచి వచ్చాక కూడా ఇంట్లోనే కట్టు మార్చారు. ఈసారి నర్సమ్మ వచ్చింది. ఆమె చేతిలో ఒక కాగితం ఉంది. కోడలు రాత్రి బడిలో చదువు నేర్చుకుంది. కూడబలుక్కుని ఆ కాగితం చదివింది. పుండు ఎంత పొడవు, ఎంత వెడల్పు ఉందో రాసి ఉంది. దేనితో కడగాలో రాసి ఉంది. కట్టు ఎన్ని రోజులకు ఒకసారి మార్చాలో రాసి ఉంది. మాత్రలు ఏవి, ఏ పూట, ఎన్ని రోజులో ఉంది. కాలి మీద బరువు పెట్టకూడదని ఉంది. మళ్లీ ఆసుపత్రికి రావలసిన తేదీ ఉంది. కింద డాక్టరు సంతకం, సంతకం పక్కన ఒక నంబరు.

నర్సమ్మ వచ్చినప్పుడల్లా స్కేలుతో పుండు కొలిచి అదే కాగితం మీద రాసేది. ఒకరోజు పుండు చుట్టూ ఎర్రగా ఉంది. ఆమె తన సొంత తెలివితో మందు మార్చలేదు. వెంటనే డాక్టరుకు ఫోను చేసింది. డాక్టరు రమ్మన్నారు, పోయారు, మందు మార్చారు. ఇంట్లో చేసే వైద్యం మీద డాక్టరు పర్యవేక్షణ ఉండాలి అంటే అర్థం ఇదే. డాక్టరు రోజూ ఇంటికి రానక్కర లేదు. మొదట తను చూడాలి. ఏం చేయాలో రాసి ఇవ్వాలి. చేసేవాళ్లు చదువుకున్నవాళ్లై ఉండాలి. గడువు ప్రకారం మళ్లీ చూడాలి. పుండు తేడాగా ఉంటే కబురు అందాలి.

అమెరికాలో దీనికి రాసిపెట్టిన నియమాలే ఉన్నాయి. అక్కడ ముసలివాళ్లకు మెడికేర్ అనే ప్రభుత్వ బీమా ఉంది. దాని డబ్బుతో ఇంటికి నర్సు రావాలంటే ముందు డాక్టరు సంతకం పెట్టాలి. ఇంటి వైద్యం మొదలు కావడానికి ముందు 90 రోజుల లోపల గానీ, మొదలైన 30 రోజుల లోపల గానీ రోగిని చూసి ఉండాలి. ఏం చేయాలో రాసిన కాగితాన్ని 60 రోజులకు ఒకసారి మళ్లీ చూసి సంతకం చేయాలి. 2020 నుంచి పెద్ద చదువు చదివిన కొందరు నర్సులు కూడా ఆ సంతకం పెట్టవచ్చు. అది లేకపోతే ఇంటి వైద్యం చేసే కంపెనీకి డబ్బు రాదు. అందుకని కంపెనీలే డాక్టరు సంతకం కోసం వెంటపడతాయి.

మన దగ్గర ఇంటి వైద్యం కోసమే పార్లమెంటు చేసిన చట్టం లేదు. అట్లాగని ఎవరైనా ఏమైనా చేయవచ్చని కాదు. 2019లో జాతీయ వైద్య కమిషన్ చట్టం వచ్చింది. డాక్టర్ల పట్టీలో పేరు లేనివాళ్లు వైద్యం చేయకూడదని ఆ చట్టం చెబుతుంది. చేస్తే ఏడాది దాకా జైలు, 5 లక్షల రూపాయల దాకా జరిమానా. రెండూ కూడా వేయవచ్చు.

ఇంకో తమాషా చెప్తాను. ఆర్.ఎం.పి. అంటే రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్. అంటే పట్టీలో పేరు ఉన్న డాక్టరు అని అర్థం. చట్టంలో ఆ మాట నిజమైన డాక్టరుకే వాడతారు. మన ఊళ్లలో మాత్రం పట్టీలో పేరు లేనివాళ్లకే ఆ పేరు స్థిరపడిపోయింది!

మరి పట్టీలో పేరు ఉందో లేదో మనకు ఎట్లా తెలుస్తుంది? సంతకం పక్కన నంబరు ఉందన్నాను గదా. అదే రిజిస్ట్రేషన్ నంబరు. 2002లో వచ్చిన నియమాల ప్రకారం ప్రతి డాక్టరూ ఆ నంబరును తన ఆసుపత్రిలో కనబడేటట్టు పెట్టాలి. మందుల చీటీ మీద, డబ్బు తీసుకున్న రసీదు మీద కూడా వేయాలి. పెద్దమ్మ కోడలు పాత చీటీలన్నీ తీసి వెతికింది. ఇరవై రోజుల చీటీల్లో ఎక్కడా నంబరు లేదు. అసలు సగం రోజులకు చీటీయే లేదు.

ఆ నియమాల్లోనే ఇంకో మంచి సంగతి ఉంది. మన వైద్యం కాగితాలు మనం అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. పెద్ద డాక్టరైనా సరే ఇవ్వాలి. అడగడానికి మొహమాటం వద్దు.

మందుల షాపు సంగతి కూడా చెప్పాలి. యాంటీబయాటిక్ మందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. ఆ మందుల అట్ట మీద నిలువుగా ఎర్రగీత ఉంటుంది. అక్షరాలు సరిగా రానివాళ్లు కూడా గీతను గుర్తుపట్టవచ్చు. కొన్ని గట్టి మందులకైతే 2014 నుంచి వేరే పుస్తకం పెట్టారు. రాసిన డాక్టరు పేరు, వాడే మనిషి పేరు అందులో రాసి షాపువాళ్లు మూడేళ్లు దాచాలి. ఇదంతా ఎందుకు? ఇష్టం వచ్చినట్టు వాడితే క్రిములు ఆ మందుకు అలవాటు పడిపోతాయి. రేపు నిజంగా అవసరం వచ్చినప్పుడు మందు పనిచేయదు.

ఇప్పుడు పని చేసే ఆడపిల్లల సంగతి. మన ఊళ్ల నుంచి చాలామంది హైదరాబాదు పోయి ఇళ్లల్లో ముసలివాళ్లను చూసుకునే పనిలో చేరుతున్నారు. ఏజెన్సీవాళ్లు "హోం నర్సు" అని పేరు పెట్టి పంపిస్తారు. పదో తరగతి చదివిన పిల్లకు తెల్లకోటు తొడిగితే నర్సు అయిపోతుందా? నర్సు అంటే నర్సింగు చదివి, రాష్ట్ర నర్సుల పట్టీలో పేరు నమోదైన మనిషి. ఆమెకూ ఒక నంబరు ఉంటుంది.

మీ చెల్లెలో, మీ కూతురో ఆ పనిలో ఉంటే ఈ సంగతి చదివి వినిపించండి. స్నానం చేయించడం, బట్టలు మార్చడం, అన్నం తినిపించడం, చీటీలో ఉన్న మాత్ర వేళకు అందించడం ఆమె పని. మంచంలో ఉన్న మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. లేకపోతే వీపుకు, పిరుదులకు పుండ్లు పడతాయి. ఇది చిన్న పని కాదు, ప్రాణం నిలబెట్టే పని. సూది వేయడం, సెలైను పెట్టడం, పుండులో చచ్చిన కండ కత్తిరించడం ఆమె పని కాదు. ఏజెన్సీవాళ్లు చేయమన్నా చేయకూడదు. ఏదైనా జరిగితే "నువ్వే చేశావు" అంటారు. తప్పించుకునేది వాళ్లు, ఇరుక్కునేది మన పిల్ల.

ఇంటికి మనిషిని పిలిపించుకునేవాళ్లు కూడా ముందే అడగాలి. ఈమె నర్సా, ఆయానా? ఏ డాక్టరు చెప్పినట్టు చేస్తుంది? ఆ డాక్టరు మా మనిషిని చూశారా? పుండు తేడా చేస్తే ఎవరికి ఫోను చేయాలి? జవాబు చెప్పకుండా రేటు మాత్రమే చెప్పే ఏజెన్సీ మనకు వద్దు. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. అన్యాయం జరిగితే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చు. 1915 నంబరుకు ఫోను చేసినా ఏం చేయాలో చెబుతారు. రసీదు మాత్రం ఉండాలి.

"ప్రతిదానికీ డాక్టరు దగ్గరికి పోతే కూలి పోదా?" అని మీరు అడుగుతారు. నిజమే. కూర కోస్తుంటే తెగిన వేలికి డాక్టరు అక్కర లేదు. చేతులు సబ్బుతో కడుక్కోండి. శుభ్రమైన నీళ్లతో దెబ్బను కడగండి. ఉతికి ఎండబెట్టిన గుడ్డ కట్టండి. బూడిద, పేడ, కాఫీపొడి, సున్నం పెట్టకండి. తుప్పు పట్టిన మేకు, ముల్లు లోతుగా దిగితే ధనుర్వాతం సూది అడగండి. ఇదివరకు టి.టి. అనేవాళ్లం, ఇప్పుడు దాని బదులు టి.డి. వేస్తున్నారు. కుక్క కరిస్తే పదిహేను నిమిషాలు సబ్బు, ధార నీళ్లతో కడిగి, అదే రోజు ఆసుపత్రికి పోవాలి.

షుగరు ఉన్నవాళ్ల కాలి దెబ్బ మాత్రం ఎంత చిన్నదైనా వెంటనే చూపించాలి. వాపు తగ్గుతుందని వేడినీళ్లలో కాలు పెట్టకండి. స్పర్శ లేని కాలికి కాలిన సంగతి కూడా తెలియదు. ఎవరి పుండైనా రెండు వారాలకు మానే దారి పట్టకపోతే డాక్టరు చూడాల్సిందే. నల్లబడినా, వాసన వచ్చినా, ఎరుపు పైకి పాకినా, జ్వరం వచ్చినా ఆ రోజే పోవాలి. మనిషి లేవలేని స్థితిలో ఉంటే 108కి ఫోను చేయాలి.

సబ్ సెంటరులో ముప్పై ఏళ్లు దాటిన అందరికీ షుగరు, బీపీ ఉచితంగా చూస్తారు. అక్కడి నుంచే ఈ-సంజీవని ద్వారా డాక్టరుతో ఫోనులో బొమ్మ చూస్తూ మాట్లాడవచ్చు. పట్టణం దాకా పోలేనప్పుడు అది అక్కరకు వస్తుంది.

పెద్దమ్మ పుండు మానడానికి మూడు నెలలు పట్టింది. ఇప్పుడు ఇంట్లో కూడా చెప్పులు వేసుకునే తిరుగుతోంది. "ఇంట్లో చెప్పులేంది" అని మొదట్లో చుట్టుపక్కలవాళ్లు నవ్వారు. రోజూ రాత్రి పడుకునే ముందు కోడలు ఒక చిన్న అద్దం తెచ్చి నేల మీద పెడుతుంది. పెద్దమ్మ దాని మీద అరికాలు పెట్టి, పగుళ్లు, బొబ్బలు ఏమైనా ఉన్నాయేమో చూసుకుంటుంది. చూపు సరిగా ఆనని రోజు కోడలే చూసి చెబుతుంది.