పిల్లి కంటికి మందు

గత వేసవిలో ఒకనాటి ఉదయం మా యింటి పిల్లి ఎడమ కన్ను మూసుకొని వంటయింటి గడపలో కూర్చున్నది. కంటినుండి ధారగా నీరు. అలమారలో మా తండ్రిగారి శుక్లం ఆపరేషను అనంతరం మిగిలిన చుక్కల మందు సీసా ఉన్నది. మనిషి కంటికి మేలు చేసినది పిల్లికి కీడు చేస్తుందా అనుకొని రెండు రోజులు వేశాము. ఎఱ్ఱదనం కొంత తగ్గినందున సంతోషించాము కూడా. మూడవనాటికి కంటిపై నీలి మబ్బు క్రమ్మినది.

మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలలో పశువైద్యశాల అనగానే గేదెలు, గొఱ్ఱెలు గుర్తుకు వస్తాయి. పిల్లిని సంచిలో పెట్టుకొని వెళ్ళేవానిని చూసి నవ్వేవారు కద్దు. నిజం చెప్పాలంటే, ఆ సంకోచమే మమ్ములను రెండు రోజులు ఆపినది.

వైద్యులు పిల్లికంటె ముందు సీసాను చూశారు. యాంటిబయాటిక్ పేరు ప్రక్కన డెక్సామెథసోన్ అని ఉన్నది. అది స్టెరాయిడ్. పిమ్మట ఫ్లోరెసిన్ అనే నారింజరంగు కాగితపు ముక్కను తడిపి కంటికి తాకించి, కడిగి, నీలి కాంతిలో పరీక్షించారు. ఒకచోట ఆకుపచ్చగా మెరిసినది. పై పొర చెదరినచోట మాత్రమే ఆ రంగు నిలుస్తుంది. అది పుండు.

కంటి ముందుభాగాన అద్దంవలె ఉండే కార్నియా మందం పిల్లిలో అర మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ, అంతే. స్టెరాయిడ్ వాపును, ఎఱ్ఱదనాన్ని అణచివేస్తుంది గనుక కన్ను బాగుపడినట్లే కనిపిస్తుంది. కాని గాయం మానే ప్రక్రియను కూడా అది అణచివేస్తుంది. అడుగున పుండు లోతుకు దిగి, తుదకు కన్ను చిల్లిపడవచ్చును. పిల్లులలో హెర్పిస్ వైరస్ సర్వసాధారణం. కూనగా ఉన్నపుడు సోకి జీవితాంతం శరీరంలో దాగి ఉంటుంది. స్టెరాయిడ్ దానిని మేల్కొల్పగలదు. అట్లని స్టెరాయిడ్ శత్రువు కాదు. కంటిలోపలి వాపునకు పశువైద్యులే దానిని వ్రాస్తారు, రంగు పరీక్షలో పుండు లేదని తేలిన తరువాత.

పోట్లాటలో గోరు తగిలినా, పలకల ధూళి పడినా, వైరస్ సోకినా, క్లమీడియా అనే సూక్ష్మజీవి చేరినా కన్ను ఎఱ్ఱబడేది ఒకే తీరున. మందు మాత్రం ఒకటి కాదు. క్లమీడియాకు సాధారణంగా నోటిద్వారా కూడా మందు ఇవ్వవలసి ఉంటుంది. ఎఱ్ఱదనం పోగొట్టే చుక్కలు కొన్ని పిల్లులకు విషతుల్యం. పాలిమిక్సిన్-బి కలిసిన మందు వేసిన కొద్ది గంటలలోనే, బహు అరుదుగా, ప్రాణాపాయం కలిగిన పిల్లులు ఉన్నవి. ఇక చనుబాలు, నందివర్ధనం రసం మాట ఎత్తకపోవడమే మంచిది.

మందు వేయడం మేము కష్టపడి నేర్చిన విద్య. పిల్లిని తువాలులో చుట్టి, వీపు మనవైపు ఉండేటట్లు కూర్చుండబెట్టి, గడ్డం కొంచెము ఎత్తి, వెనుకనుండి చుక్క వేయాలి. ఎదుటినుండి సీసా తెస్తే బెదరుతుంది. కాచి చల్లార్చిన నీటిలో తడిపిన దూదితో ముందుగా పుసులు తుడవాలి. ఒక కంటి దూది రెండవ కంటికి వాడరాదు. సీసా మొన కంటికి తగలరాదు. రెండు మందులుంటే నడుమ అయిదు నిమిషాలు ఆగాలి. చుక్కలు ముందు, లేపనం తరువాత. మాకు వ్రాసిన అట్రోపిన్ మిక్కిలి చేదు. అది గొంతులోకి దిగి పిల్లి నురుగు కక్కినపుడు మేము హడలిపోయాము. చేదువల్ల వచ్చే నురుగేనని, భయపడనక్కరలేదని వైద్యులు చెప్పారు. గోళ్ళతో కంటిని గీరుకోకుండా మెడకు అట్టతో గరాటువంటి పట్టీ కట్టాము. దానిని మాత్రం అది నేటికీ క్షమించలేదు.

తెరిచిన సీసా చాలావరకు ఒక నెలకు మించి పనికిరాదు. మా అలమారలోని సీసా తెరిచి ఏడు నెలలైనది.

వైద్యులు మందు ఆపమని చెప్పడానికి ముందు రెండుసార్లు రంగు వేసి చూశారు. రెండవసారి ఆకుపచ్చ కనిపించలేదు. తగ్గకుంటే తిరుపతిలోని పశువైద్య విశ్వవిద్యాలయానికి తీసికొని పోవలసి వచ్చేదన్నారు. ఇప్పుడు చూపు ఉన్నది. నల్లగ్రుడ్డుపై తెల్లని చిన్న మచ్చ ఒకటి మిగిలినది.