ఎండ చెప్పినట్టు వినే కందిరీగ

టమాటా ఆకును తిరగేస్తే, అడుగున అంటిపెట్టుకుని ఉంటాయి తెల్లదోమ పిల్లపురుగులు. కదలవు, మెదలవు, ఆకు రసం పీలుస్తూ ఉంటాయంతే. 1926లో ఇంగ్లాండులోని ఎల్‌స్ట్రీలో ఒక టమాటా రైతుకు ఆ తెల్లటి గుంపులో కొన్ని నల్లగా కనిపించాయి. చెస్‌హంట్ పరిశోధన కేంద్రంలోని స్పేయర్ అనే శాస్త్రవేత్తకు చూపించాడు. నల్లబడిన ప్రతి పిల్లపురుగు లోపలా ఒక కందిరీగ పెరుగుతోంది.

దాని పేరు ఎన్‌కార్సియా ఫార్మోసా. పొడవు అర మిల్లీమీటరు పైచిలుకు. నల్లటి తల, నల్లటి రొమ్ము, పసుపుపచ్చ పొట్ట. పేరుకు కందిరీగే కానీ మనిషిని కుట్టదు. ఆకు మీద వాలి, మీసాలతో తడుముకుంటూ నడుస్తుంది. పిల్లపురుగు తగిలితే పొడిచి లోపల గుడ్డు పెడుతుంది. కొన్నింటిని గుడ్డు కోసం కాక ఆకలికే పొడిచి, ఊరిన రసం తాగేస్తుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల ఆతిథ్యమిచ్చిన పురుగునే లోపలినుంచి తినేసి, పైడొప్పకు గుండ్రటి కంత చేసుకుని బయటపడుతుంది. తెల్లదోమ బతికి బయటికొస్తే ఆ డొప్ప మీద ఇంగ్లిషు టీ అక్షరం ఆకారంలో చీలిక ఉంటుంది. ఖాళీ డొప్పలు చూసి ఎవరు గెలిచారో చెప్పేయొచ్చు.

గెలుపోటములు మాత్రం చాలావరకు వాతావరణం చేతిలో ఉన్నాయి. 26 డిగ్రీల వెచ్చదనంలో గుడ్డు కందిరీగ కావడానికి రెండు వారాలు చాలు. 18 డిగ్రీలకు దిగితే నెల పడుతుంది, పైగా ఎగరడానికే బద్ధకిస్తుంది. ఐరోపా చలికాలపు మసక పగళ్లలో వెలుతురు చాలకా వేట మందగిస్తుంది. 30 దాటిన వేడిలో హుషారుగానే తిరుగుతుంది కానీ ఆయుష్షు తరిగిపోతుంది. ఆకు నేల కూడా దానికొక వాతావరణమే. నూగు నిండిన దోస ఆకు మీద నడక నత్తనడకవుతుంది. తెల్లదోమలు విసర్జించే తేనె బంక కాళ్లకు అంటుకుంటే, వేట ఆపి ఒళ్లు శుభ్రం చేసుకుంటూ కూర్చోవాల్సిందే.

అసలు వింత ఇంకొకటుంది. ఈ జాతిలో దాదాపు అన్నీ ఆడవే. మగ తోడు లేకుండానే ఆడ ఆడపిల్లలను కంటుంది. అలా కనేలా చేసేది దాని ఒంట్లో కాపురముండే వోల్‌బాకియా అనే బ్యాక్టీరియా. 31 డిగ్రీలకు పైన రెండు తరాలు పెంచి చూడండి, వేడికి ఆ బ్యాక్టీరియా నశించి మగ కందిరీగలు పుట్టుకొస్తాయి! వచ్చినా అవి జాతికి పెద్దగా పనికిరావు. ఆడామగా తేడాను ఎండ నిర్ణయించడం కన్నా, తరాల తర్వాత వచ్చిన మగవాడికి చేయడానికి పనే లేకపోవడం నాకు ఎక్కువ విడ్డూరంగా తోస్తుంది.

1930 నాటికి చెస్‌హంట్ కేంద్రం ఏటా 15 లక్షల కందిరీగలను నర్సరీలకు పంచింది. 1940లలో డీడీటీ రావడంతో వాటిని మరిచిపోయారు. పురుగులు మందులకు లొంగడం మానేశాక, 1970లలో మళ్లీ పిలిచారు.

మన కోనసీమ కొబ్బరికి సర్పిలాకార తెల్లదోమ వచ్చిపడినప్పుడు దిక్కయింది ఈ కుటుంబపు మరో కందిరీగే, ఎన్‌కార్సియా గ్వాడెలూపే. 2016లో పొల్లాచ్చి ప్రాంతంలో దేశంలో తొలిసారి కనిపించిన ఈ తెల్లదోమ, ఆకుల అడుగున తెల్లటి మైనపు సుడులు చుట్టి గుడ్లు పెడుతుంది. కింద ఉన్న అరటి, కోకో ఆకుల మీద తేనె బంక కారి మసిలాంటి నల్ల బూజు పడుతుంది. పొడి ఎండల్లో పురుగు చెలరేగుతుంది, జోరువానకు కొట్టుకుపోతుంది. అందుకే నీటిని పిచికారీ చేసి ఆకులు కడగమంటారు. కందిరీగ గుడ్లు పెట్టిన పురుగులున్న ఆకుముక్కలను తెచ్చి, పురుగు పట్టిన చెట్ల ఆకులకు పిన్ను చేస్తారు. మసి చూసి కంగారుపడి పురుగుమందు కొడితే కందిరీగ పోతుంది. ఆకు అడుగున మైనం మాటున దాక్కున్న తెల్లదోమ మాత్రం కొన్నాళ్లకే మళ్లీ లేస్తుంది.