పాత కెమెరా, పాత ఫోను కొనుటకు ముందు

ఆళ్లగడ్డ శిల్పి తాను మలచిన విగ్రహమును దూరపు కొనుగోలుదారునకు చూపవలెనన్న మంచి ఛాయాచిత్రము కావలెను. క్రొత్త కెమెరా వెల భారము. జిల్లా కేంద్రమైన నంద్యాలకు పోయి పాతది వెదకుట సహజమే. బేరమాడుటకు ముందు సరకును పరీక్షింపుడని మా మనవి.

కెమెరాకు కటకమే ప్రాణము. ఒకవైపునుండి టార్చి వేసి, రెండవవైపునుండి లోనికి చూడుడు. నాలుగు నలుసులున్నను చింత లేదు. చిత్రమున అవి కానరావు. సాలెగూటి పోగులవంటి సన్నని దారములు కనబడినచో అది బూజు. తేమగల బీరువాలో ఏండ్ల తరబడి మూసియుంచిన కటకములకు ఇది పట్టును. "తుడిచిన పోవును" అని అమ్మువాడు చెప్పవచ్చును. ముదిరిన బూజు గాజుపై పూతను తినివేయును. తినివేసిన పూత తుడిచినచో తిరిగి రాదు. ఎంత చౌకయైనను అట్టిది వలదు. బ్యాటరీ అరలో చిలుము పట్టియున్నను అనుమానింపవలసినదే.

ఫోను విషయము వేరు. అది దొంగ సొత్తైనచో సొమ్ము పోవుటయే గాక పోలీసు స్టేషను మెట్లెక్కవలసి వచ్చును. *#06# నొక్కినచో 15 అంకెల ఐ.ఎం.ఇ.ఐ. సంఖ్య తెరపై కనబడును. సందేశములో ఆంగ్లమున కె, వై, ఎం అను మూడక్షరములు వ్రాసి, కొంత ఎడమిచ్చి, ఆ సంఖ్యను చేర్చి 14422కు పంపుడు. నిషేధిత జాబితాలోనిదనియో, నకిలీ సంఖ్య యనియో, ఇదివరకే వాడుకలో నున్నదనియో జవాబు వచ్చినచో కొనవలదు. పాత యజమాని ఖాతాను మీ యెదుటనే తీసివేయించి, ఆ సంఖ్య వ్రాసిన రసీదు పుచ్చుకొనిన పిమ్మటనే సొమ్ము చెల్లింపుడు.