పిల్లలకు గ్రహపాఠము

నాలుగవ తరగతి చదువుచున్న మా యింటి చిన్నది కొన్ని మాసముల క్రిందట బడినుండి వచ్చి, "అమ్మమ్మా, గుడిలో గ్రహాలు తొమ్మిది గదా, మా పుస్తకంలో ఎనిమిదే ఉన్నవేమి?" అని యడిగినది. అమ్మమ్మ "పుస్తకాలకేమి తెలుసునే!" యని నవ్వి యూరకున్నది. మరునాడు బడిలో నడుగగా "పరీక్షలో ఎనిమిదని వ్రాయుము" అని సమాధానము వచ్చినదట. పిల్ల తానే యొక యుపాయము కనుగొన్నది: గుడిలో తొమ్మిది, బడిలో ఎనిమిది. ఆపైన మరి యడుగలేదు.

ఆ యడుగకుండుటయే మమ్ము కలవరపెట్టినది. లెక్క తప్పిన బిడ్డను దిద్దవచ్చును. ఇంటికొక సత్యము, బడికొక సత్యమని నేర్చుకొన్న బిడ్డను దిద్దుట దుర్లభము. కావున ప్రాథమిక పాఠశాలలో సూర్యకుటుంబ పాఠము నెట్లు నడుపదగునో, అందు తల్లులు చేయదగిన సాయమేమో, మాకు తోచినది సోదరీమణులకు విన్నవించుచున్నాము.

ఈ పాఠమునకు శుక్లపక్షము తగిన కాలము. విదియనాటి సాయంకాలము పడమటి దిక్కున సన్నని చంద్రరేఖ కనబడును. నాటినుండి పౌర్ణమివరకు ప్రతిదినము ఒకే వేళ, ఒకే చోట నిలిచి పిల్లలు చంద్రుని జూచి బొమ్మ గీయవలెను. చేయి చాచి పిడికిలి పట్టినచో ఆ పిడికిలి వెడల్పుకంటె కొంచెమెక్కువ దూరము చంద్రుడు దినదినము తూర్పునకు జరుగుచుండును. వెలుగు భాగమెల్లప్పుడు సూర్యుడు క్రుంకిన వైపునకే తిరిగియుండును. పౌర్ణమినాడు సూర్యు డటు క్రుంకగనే చంద్రుడిటు ఉదయించును. ఇవి పుస్తకమున చదివినవి గావు, తన కన్నులు చూచినవి గనుక బిడ్డ వీనిని మరువదు.

మొదటి వారమున గ్రహముల లెక్క చెప్పవలెను. బిడ్డ కీ పేరులు క్రొత్తవి గావు. ఆదివారము మొదలు శనివారము వరకు వారముల పేరులే యవి. పూర్వులు కదలని నక్షత్రముల నడుమ స్థానము మార్చుకొనుచుండు వానినన్నిటిని గ్రహములనిరి. సూర్యుడు, చంద్రుడు, కుజుడు, బుధుడు, గురుడు, శుక్రుడు, శని అను నేడును కంటికి గనబడునవి. రాహుకేతువులు గనబడవు. చంద్రుని మార్గము సూర్యుని మార్గమును ఖండించు రెండు స్థానములకు జ్యోతిర్గణితమున నా పేరులు గలవు. ఇట్లు తొమ్మిది.

నేటి శాస్త్రము వేరొక ప్రశ్న వేయుచున్నది: సూర్యుని చుట్టును తిరుగునవి యేవి? అప్పుడు సూర్యుడు నక్షత్రమగును, చంద్రుడు భూమికి ఉపగ్రహమగును. రాహుకేతువులు స్థానములే గాని వస్తువులు గావు. మిగిలినవి యైదు. వానికి మనము నిలిచియున్న భూమి చేరును. దూరదర్శినిచే 1781లో హెర్షెల్ కనిపెట్టిన యురేనస్, 1846లో కనబడిన నెప్ట్యూన్ చేరగా నెనిమిది. ఈ హెర్షెల్ చెల్లెలు కరొలీన్ అన్నకు గృహకృత్యములలోను, ఆకాశపరిశోధనలోను తోడై, తానును ఎనిమిది తోకచుక్కలను కనిపెట్టినదని మన బాలికలకు తప్పక చెప్పవలెను.

మనలో పెక్కండ్రము బడిలో తొమ్మిదనియే చదివితిమి. 1930లో కనుగొనిన ప్లూటో తొమ్మిదవదిగా నుండెను. 2006లో ప్రేగ్ నగరమున సమావేశమైన అంతర్జాతీయ ఖగోళ సంఘము దానిని మరుగుజ్జు గ్రహముగా నిర్ణయించినది. శాస్త్రము తన లెక్కను తానే దిద్దుకొనునని బిడ్డకు దెలుపుట కింతకంటె మంచి యుదాహరణము లేదు.

రెండవ వారమున దీపముతో పాఠము. చీకటి గదిలో నొక దీపముంచి, బిడ్డ చేతికి పుల్లకు గ్రుచ్చిన నిమ్మకాయ నీయవలెను. దీపము సూర్యుడు, నిమ్మకాయ చంద్రుడు, బిడ్డ తలయే భూమి. కాయను తలకంటె కొంచెమెత్తుగా చాచి పట్టుకొని మెల్లగా తిరిగినచో విదియనుండి పౌర్ణమివరకు గల రూపములన్నియు కాయపై గనబడును. కాయ దీపమునకు సరిగా నడ్డము వచ్చిన సూర్యగ్రహణము, తల నీడ కాయపై బడిన చంద్రగ్రహణము. ప్రతి యమావాస్యకును గ్రహణమేల రాదని బిడ్డ యడుగును. చంద్రుని మార్గము సుమారైదు డిగ్రీలు వాలియున్నది. రాహుకేతు స్థానముల దగ్గర నున్నప్పుడే నీడ తగులును. ఆర్యభటుడు 499లోనే గ్రహణములు నీడలవలన గలుగునని చెప్పెను. ఆ నీడను జూచుటకై 1868లో ఫ్రాన్సుదేశపు జాన్సెన్ అను శాస్త్రజ్ఞుడు మన గుంటూరునకు వచ్చి, సూర్యుని యంచున గనబడు జ్వాలలు వాయుమయములని తెలిసికొనెను.

ఇక్కడ తల్లులతో నొకమాట. గ్రహణమొఱ్ఱి యను పేరుచే నెందఱు తల్లులు నిందపడిరో! గర్భము ధరించిన తొలి రెండు మూడు మాసములలో పెదవి భాగములు సరిగా కలియకపోవుటచే నది కలుగును. గ్రహణమునకుగాని, ఆ వేళ గర్భిణి కత్తి పట్టుటకుగాని దానితో సంబంధము లేదు. శస్త్రచికిత్సచే సరిచేయవచ్చును. నిజమైన యపాయము కంటిదే. సూర్యుని నేరుగా చూడరాదు. మసిపట్టిన గాజునుండియు చూడరాదు. జల్లెడ నెండలో పట్టినచో నేలమీద బడు ప్రతి చుక్కయు గ్రహణవేళ నెలవంకయగును. దానిని జూచిన చాలును.

కడపటి దినమున పిల్లలను మైదానమునకు గొనిపోవలెను. పుస్తకములోని పటమున గ్రహములన్నియు నొకే పుటలో ప్రక్కప్రక్కన నుండును. అందువలన బిడ్డ మనస్సున నొక పొరపాటు నాటుకొనును. అడుగు వెడల్పుగల గుమ్మడికాయను సూర్యునిగా నుంచుడు. పెద్ద అంగకు మీటరు చొప్పున నడచినచో పండ్రెండు అంగలకు బుధుడు, గసగసాల గింజ. ఇరువదిమూడింటికి శుక్రుడు, సజ్జగింజ. ముప్పదిరెండింటికి మన భూమి, మరియొక సజ్జగింజ. దానికి బెత్తెడు దూరమున నలుసువలె చంద్రుడు. నలువదితొమ్మిదింటికి కుజుడు, ఆవగింజ. నూట అరువదియెనిమిదింటికి గురుడు, ఉసిరికాయ. మూడువందల తొమ్మిదింటికి శని, కొంచెము చిన్న యుసిరికాయ. యురేనస్, నెప్ట్యూన్లు నానిన శనగలు. మొదటిది ఆరువందల యంగలు దాటి, రెండవది దాదాపు కిలోమీటరు దూరమున నుండును. ఈ సామగ్రికి ఖర్చు లేదు, మన వంటయింటినుండియే పంపవచ్చును.

ఈ క్రమముననే మేము మా చిన్నదానికి చెప్పితిమి. గుమ్మడికాయ, పోపులపెట్టె గింజలు అమ్మమ్మయే తెచ్చియిచ్చినది. పౌర్ణమినాడు ఇద్దరును గుడికి పోయిరి. నవగ్రహముల చుట్టును తిరిగి వచ్చి పిల్ల మరల ప్రశ్న వేసినది: "అమ్మమ్మా, ఇందులో భూమి లేదేమి?" అమ్మమ్మ యీసారి నవ్వి యూరకుండలేదు. "మనం నిలుచున్నదే గదే! దానిమీద నిలుచునే గదా తక్కినవి చూచినారు" అన్నది.

పిల్ల మరల నడిగినది. మాకు గావలసిన దదియే.