బల్బు వెలుగులో తోలుబొమ్మ

కర్నూలు జిల్లా కోసిగి లాంటి కరవు పల్లెల్లో వాన మొహం చాటేస్తే చాలా ఇళ్లను ఆదుకునేది మేకలే. ఆ మేకే సీమలో ఒక కళకూ ఊపిరి పోసింది. అదే తోలుబొమ్మలాట!

ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట కళాకారులకు మేకతోలే కాన్వాసు. వెంట్రుకలు తీసి, శుభ్రం చేసి, సాగదీసి ఆరబెడతారు. అప్పుడది పలచబడి, వెలుతురు అవతలికి కనిపిస్తుంది. బొమ్మ గీశాక సన్న ఉలితో చిల్లులు కొడితే హారాలు, చీర అంచులు తయారు.

ఒకప్పుడు రంగులు చెట్టూచేమల నుంచే వచ్చేవి. తెర వెనక ఆముదం దీపం. మంట రెపరెపలాడితే హనుమంతుడు ఊపిరి పీలుస్తున్నట్టే ఉండేది. కరెంటు బల్బు వచ్చాక వెలుగు పెరిగింది, ఆ కదలిక పోయింది. సినిమా, టీవీ వచ్చి జనాన్నే లాక్కుపోయాయి.

చిత్రమేమిటంటే, కూడు పెట్టిందీ ఆ బల్బే. కొనుక్కొచ్చిన రంగులతో అదే తోలు ల్యాంప్‌షేడ్‌గా మారి నగరాల డ్రాయింగ్ రూముల్లోకి చేరింది. 2020లో ఈ ఊరి దళవాయి చలపతిరావుకు పద్మశ్రీ ప్రకటించారు.

అయితే ల్యాంప్‌షేడ్ చేయడానికి పాట రానక్కర్లేదు. బొమ్మనాడిస్తూ తెల్లవార్లూ రామాయణం పాడే గొంతులే కరవవుతున్నాయి.